మేకతోలు మీద పెద్ద మామా

"పెద్ద మామా ఖలాస్," అన్నాడు మా ఆయన, చేపల సంచి గుమ్మంలో పెడుతూ.

కల్బాలో మేముండే వాడకి ఆ రోజు నీళ్ళ లారీ రాలేదు. డ్రమ్ము అడుగున మిగిలినవి చెంబుతో తోడుకుంటున్నాను. ఎవరు చెప్పారని అడిగాను.

"రాస్ అల్ ఖైమా నించి కంకర బండొచ్చింది. ఆ డ్రైవరు సెప్పాడు. నిన్ననే మట్టి చేసేశారంట." సంచి నావైపు తోసి, "సేపలు సూడు ముందు, ఎండకి మెత్తబడిపోతాయి," అన్నాడు.

చేపలు కడిగాను. కడుగుతుంటే ఒక పొలుసు వేలికి గుచ్చుకుంది. పెద్ద మామా చూసి ఉంటే ఆ వేలి మీదే గరిటెతో ఇంకొకటి వేసేది.

చచ్చిపోయినవాళ్ళందరూ మంచివాళ్ళే అంటారు. ఆమెను మంచిదని చెప్పడానికి నాకు నోరు రావడం లేదు. కానీ ఆమె నాకు పని నేర్పింది, తన ఊరి కథ చెప్పింది, నన్ను మనిషిగా లెక్కలోకి తీసుకుంది. అందుకని ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను.

దుబాయ్ దేశాల ఇళ్ళల్లో పనిచేసేవాళ్ళం యజమానిని బాబా అనీ, యజమానురాలిని మామా అనీ పిలుస్తాం. ఆ ఇంట్లో మామాలు ఇద్దరు. బాబా తల్లి, అప్పటికే డెబ్బై దాటినామె, పెద్ద మామా. బాబా భార్య చిన్న మామా. అరబ్బులే గానీ ఆ దేశం వాళ్ళు కాదు. సిరియాలో హలబ్ అనే పాత పట్నం వాళ్ళది. బాబా రాస్ అల్ ఖైమాలో రాళ్ళ క్వారీకి ఇంజనీరు. మా ఆయన ఆయన కారు నడిపేవాడు. పెళ్ళయిన ఏడాదికి నరసాపురం దగ్గర మా పల్లె నుంచి నన్ను కూడా తెచ్చుకుని, ఆ ఇంట్లోనే వంటకి పెట్టాడు. పెరట్లో మాకొక గది ఇచ్చారు.

నాకు కొత్తవాళ్ళ ముందు మాట పెగలదు. అక్కడైతే భాష కూడా రాదు కాబట్టి నా నోరు మూతబడే ఉండేది. చిన్న మామాకి అది నచ్చింది. పెద్ద మామాకి ఇంకా నచ్చింది. "మాట్లాడని పిల్ల వంటింటికి మంచిది. ఉల్లిపాయ ఏం చెబుతోందో వింటుంది," అనేది.

చేరిన కొత్తలో ఒక తప్పు జరిగింది. మా అత్తగారింట్లో అరుగు ఊడ్చాక అందరి చెప్పులూ ముందు భాగం వీధివైపు ఉండేట్టు పెట్టడం నాకు అలవాటు. బయటికి వెళ్ళేవాళ్ళకి కాళ్ళు దూర్చుకోవడానికి తేలిక. ఇక్కడా అలాగే వరసగా సర్ది పెట్టాను. పెద్ద మామా మధ్యాహ్నం నిద్ర లేచి వరండాలోకి వచ్చింది. తన నల్ల తోలు చెప్పులు వీధివైపు తిరిగి ఉండటం చూసింది. గోడ పట్టుకుని మెల్లగా నేల మీద కూలబడింది.

"ఎవరు చెప్పారు నీకు ఇలా పెట్టమని?"

నాకు అర్థం కాక తల అడ్డంగా ఊపాను.

"నా కొడుకా? వాడి పెళ్ళామా?"

మళ్ళీ ఊపాను. నా మొహంలోకి చాలాసేపు చూసి, ఇది తెలియనితనమే అని నమ్మకం కుదిరాక, చెయ్యి చాచి చెప్పుల్ని ఇంటివైపు తిప్పి పెట్టింది. అప్పుడు నా వేళ్ళ మీద కొట్టింది. ఆ తర్వాత, నాకు అరబ్బీ తెలుస్తున్నకొద్దీ, ఆ చెప్పుల కథ కొంచెం కొంచెంగా చెప్పింది.

ఆమె పుట్టింది తకియాలో. తకియా అంటే సూఫీ ఫకీర్ల మఠం. మన వైపు నెమలీకల కట్టతో కొట్ల ముందు సాంబ్రాణి పొగ వేసే ఫకీర్లు నాకు తెలుసు, అలాంటివాళ్ళే అనుకున్నాను. వీళ్ళు వేరు. తలమీద పొడుగాటి ఉన్ని టోపీ, ఒంటిమీద పావడాలా విచ్చుకునే తెల్లని అంగరఖా. పిల్లనగ్రోవి ఊదుతుంటే ఉన్నచోటే గిర్రున తిరుగుతూ దేవుణ్ణి తలుచుకుంటారు. హలబ్ టర్కీ సుల్తానుల ఏలుబడిలో ఉన్న రోజుల్లో, పర్షియా నుంచి పారిపోయి వచ్చిన పెద్దమనుషులెవరో ఊరి గోడ బయట వాగు ఒడ్డున ఆ మఠం కట్టించారట. తర్వాత వచ్చిన వాళ్ళు తోటలు, కొట్లు, ఒక స్నానాల ఇల్లు దానికి ధర్మంగా రాసిచ్చారు. వాటి మీద వచ్చిందంతా వంటింటికే పోయేది. ఆమె తండ్రి ఆ వంటింటికి పెద్ద. వాళ్ళ ఇల్లు మఠం గోడకి ఆనుకుని ఉండేది, ఒక చిన్న తలుపు తీస్తే పొయ్యిల దగ్గరికే.

"తిరిగే హాలు చూసి జనం ముచ్చటపడతారు. మనిషి తయారయ్యేది వంటింట్లో," అనేది.

ఫకీరు కావాలని వచ్చినవాడు ముందు వంటింటి గడప పక్కన గొర్రెతోలు మీద మూడు రోజులు కూర్చోవాలి. ఎవరితో మాట్లాడకూడదు. వంటపెద్ద చూసి సరే అంటే లోపలికి వస్తాడు. అక్కడి నుంచి వెయ్యిన్నొక్క రోజుల చాకిరీ. మరుగుదొడ్లు కడగడం, కట్టెలు కొట్టడం, పాత్రలు తోమడం. ఒక్కరోజు తప్పినా మళ్ళీ మొదటి నుంచి. తిరగడం నేర్పేటప్పుడు నున్నటి చెక్కకి మేకు కొట్టి, ఆ మేకును కాలి బొటనవేలికీ పక్క వేలికీ మధ్య ఇరికించి, దాని చుట్టూ తిప్పేవారట. జారడానికి చెక్కమీద ఉప్పు చల్లేవారు. వేళ్ళ సందు చీలి ఆ ఉప్పు ఎర్రబడేది. ఆ చెక్క కడిగే పని చిన్నప్పుడు తనదేనని ఆమె గొప్పగా చెప్పుకునేది. మొత్తం పూర్తి చేసినవాడికి మఠంలో ఒక గది ఇచ్చేవారు. తలుపున్న గది, తన సొంతం.

పనికిరాడని తేలినవాడిని ఎవరూ పొమ్మనరు. పొద్దున అతను లేచేసరికి అతని చెప్పులు వీధివైపు తిరిగి ఉంటాయి. అంతే. తొడుక్కుని వెళ్ళిపోవాలి.

"మాట అంటే జవాబు వస్తుంది, బిన్తీ. చెప్పులకి జవాబేం చెబుతాడు?"

బిన్తీ అంటే నా కూతురా అని. కొట్టిన రోజునే ఎక్కువగా అలా పిలిచేది.

ఆ చెప్పులు తిప్పే పనికి పెద్దవాళ్ళు చెయ్యి పెట్టేవారు కాదట. ఎవరివి తిప్పాలో తండ్రి ఆమెకి చెప్పేవాడు. ఆమె తిప్పేసి కిటికీ చెక్కల వెనక నిలబడి చూసేది. "మీసాలున్న మగాళ్ళు ఏడ్చేవాళ్ళు. నాకు నవ్వొచ్చేది," అంది. చెబుతున్నప్పుడు కూడా నవ్వింది. నేను పప్పులో రాళ్ళు ఏరుతూ తల ఎత్తలేదు.

ఆమె గిన్నె చప్పుడు చేయనిచ్చేది కాదు. మూత పెట్టేటప్పుడు శబ్దం వస్తే వేళ్ళ మీద గరిటె పడేది. అన్నం అడుగంటితే ఆ మాడు నా చేత తినిపించేది, మాడిన వాసన పోయేదాకా కిటికీ తియ్యనిచ్చేది కాదు. కానీ ఒక సాయంత్రం నేను దీపం ఆర్పబోతుంటే ఆపి, తకియాలో దీపం ఆర్పు అనకూడదు, నిద్రపుచ్చు అనాలి అంది. తలుపు మూయి అనకూడదట, దాచిపెట్టు అనాలట. ఆ ఇంట్లో మొదటిసారిగా నా అంతట నేను నోరు విప్పింది అప్పుడే. వచ్చీరాని అరబ్బీలో, మేం కూడా దీపం ఆరింది అనం, కొండెక్కింది అంటాం, బియ్యం అయిపోయాయి అనం, నిండుకున్నాయి అంటాం అని చెప్పాను. ఆమె చేస్తున్న పని ఆపింది.

"మీ ఊళ్ళో తకియా ఉందా?"

"లేదు మామా. మా అమ్మ అంటుంది."

"అయితే మీ అమ్మే తకియా," అంది. ఆ రోజు నన్ను కొట్టలేదు.

తన చిన్నప్పుడు, మొదటి ప్రపంచయుద్ధం నాటి కరువు గురించి ఒక్కసారే చెప్పింది. ఫకీర్లు కొందరు ఆ పొడుగు టోపీలతోనే సుల్తాను సైన్యం వెంట వెళ్ళారు. ఊళ్ళో గోధుమ లేదు. మఠం గోడ చుట్టూ జనం చేరారు. ఉన్నంతవరకు గంజి పోశారు. గంజి కూడా లేని రోజుల్లో తండ్రి పెద్ద కాగులో నీళ్ళు పోయించి పొద్దుటి నుంచీ కట్టెలు పెట్టించేవాడు. పొగ చూసి, లోపల ఏదో ఉడుకుతోందని జనం గొడవ చెయ్యకుండా కూర్చునేవాళ్ళు. కూర్చున్నవాళ్ళు కూర్చున్నట్టే పోయేవాళ్ళు. అది పాపం కాదా అని ఆమె తల్లి అడిగితే, "పొగ కనపడితే మనిషి ఇంకో పూట బతుకుతాడు," అన్నాడట. ఆ మాట సరైనదో కాదో పెద్ద మామా ఎప్పుడూ చెప్పలేదు. "కట్టెలు మోసింది నేనే," అని మాత్రం అంది.

యుద్ధం అయ్యాక సుల్తానులు పోయారు. టర్కీలో కొత్త ప్రభుత్వం అలాంటి మఠాలన్నీ మూయించింది. హలబ్ కొత్తగా గీసిన సరిహద్దుకి ఇటుపక్క పడటం వల్ల వీళ్ళది మిగిలింది. అటువైపు నుంచి పెద్ద గురువులు పారిపోయి వచ్చి ఇక్కడ తలదాచుకున్నారు. ఆమె తండ్రి వాళ్ళకి వండి పెట్టాడు. తర్వాత తోటలు, కొట్లు సర్కారు తీసుకుంది. వండటానికి ఏమీ లేక ఒక రోజు పొయ్యి నిద్రపోయింది. ఆమెకి అప్పటికే పెళ్ళయి కొడుకు పుట్టాడు. ఆ కొడుకే మా బాబా.

బాబాకి ఈ కథలంటే గిట్టేది కాదు. తాను ఫకీర్ల వంటవాడి మనవణ్ణని ఆఫీసులో తెలియడం ఆయనకి ఇష్టం లేదు. చిన్న మామా అయితే పెదవి విరిచేది. పెద్ద మామా గదిని పిల్లల చదువుకి తీసుకోవాలని ఆమె కోరిక, ముసలామెను హలబ్ పంపించేద్దామని పోరు పెట్టేది. అక్కడ ఆమెకి మిగిలింది దూరపు బంధువులే. వాళ్ళ పంచన ఉండలేనని పెద్ద మామా భయం. ఆ వయసులో ఆమెకి కావలసింది ఒక్కటే, ఆ ఇంట్లో ఉండనివ్వడం.

ఒక శుక్రవారం క్వారీ ముదీర్, అంటే పెద్ద మేనేజరు, భార్యతో భోజనానికి వచ్చాడు. బాబాకి పై ఉద్యోగం ఇవ్వడం ఆయన చేతిలో ఉంది. అందరూ తింటుండగా ముదీర్ నీళ్ళ గ్లాసు ఎత్తాడు. పెద్ద మామా వెంటనే చెయ్యి కంచం మీంచి తీసేసి, "ఆగండి," అంది అందరితోనూ. తకియాలో ఒకరు నీళ్ళు తాగుతుంటే మిగతావాళ్ళు తినడం ఆపాలి. తాగేవాడి వంతు ఈలోగా తగ్గిపోకూడదని. ముదీర్ గ్లాసు దించి, ఇదేం పద్ధతి అని అడిగాడు. ఆమెను ఎవరైనా అడిగి ఎన్నేళ్ళయిందో. టోపీలు, పిల్లనగ్రోవి, తిరగడం అన్నీ చెప్పింది. నేను రొట్టెల పళ్ళెం పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉన్నాను. బాబా తన కంచంలోకే చూస్తున్నాడు.

ముదీర్ మూతి తుడుచుకుని, పెద్దావిడని గౌరవంగా పిలిచే మాటతోనే, "అవి తప్పుదోవలు, హాజ్జా. మీ అబ్బాయి మొహం చూసి విననట్టు ఊరుకుంటున్నాను," అన్నాడు.

మర్నాడు పొద్దున పెద్ద మామా వరండాలోకి వచ్చేసరికి ఆమె నల్ల తోలు చెప్పులు వీధివైపు తిరిగి ఉన్నాయి. చిన్న మామా సోఫాలో కూర్చుని గోళ్ళకి రంగు వేసుకుంటోంది. తలెత్తలేదు. "నేనేం అన్లేదు, చూశావుగా," అంది నాతో, హిందీలో.

పెద్ద మామా చెప్పులు తొడుక్కుని, గేటు దాటి, ఎండలో ఇల్లంతా చుట్టి పెరటివైపున్న వంటింటి తలుపు దగ్గరికి వచ్చింది. బక్రీదుకి కోసిన మేక తోలు గోడమీద ఆరేసి ఉంది. దాన్ని లాగి గడప పక్కన పరుచుకుని మోకాళ్ళు మడిచి కూర్చుంది. చేతులు భుజాల మీద అడ్డంగా పెట్టుకుని తల దించుకుంది. మొదట నాకు తెలియలేదు. తర్వాత తెలిసింది. పంపేసినవాడికి మళ్ళీ రావాలని ఉంటే దారి అదొక్కటే. గొర్రెతోలు దొరకలేదు, మేకతోలుతో సరిపెట్టుకుంది.

మూడు రోజులు అలాగే ఉంది. మంచినీళ్ళు, రొట్టె పక్కన పెడితే తీసుకునేది. కళ్ళెత్తేది కాదు. తోలు సరిగా ఆరలేదేమో ఈగలు ముసిరేవి. బాబా వచ్చి, "అమ్మా, లే. నలుగురూ చూస్తే ఏమంటారు," అని బతిమాలాడు, తర్వాత అరిచాడు. మాట్లాడటం నియమం కాదు కాబట్టి ఆమె మాట్లాడలేదు. చిన్న మామా మాత్రం సరదాగా చూసింది. స్నేహితురాళ్ళని పిలిచి కిటికీలోంచి చూపించింది కూడా.

మూడో రోజున చిన్న మామా వంటింట్లోకి వచ్చింది. "అది ఎవరి కోసం కూర్చుందో తెలుసా? నీ కోసం. వంటింటికి పెద్దదానివి నువ్వేగా ఇప్పుడు," అని నవ్వింది. "తుమ్ బోలో, నై. ఏక్ బాత్, ఖలాస్. నువ్వు కాదంటే నోరెత్తకుండా హలబ్ పోతుంది. ఔనన్నావో, నీకూ నీ మొగుడికీ టికెట్."

పెరటి గదిలో మా ఆయన చొక్కా విప్పుకుంటూ అదే అన్నాడు. "ఆళ్ళ కొంప గొడవ మనకెందుకే. కాదని ఒక్కమాట అనేసెయ్. ఇన్నాళ్ళూ నోట్లో బెల్లంగడ్డ పెట్టుకున్నదానివి, ఇప్పుడే పెగలాలా నీకు?"

"కాదనాలన్నా పెగలాలిగా," అన్నాను.

ఆయన నావైపు కొత్త మనిషిని చూసినట్టు చూశాడు. "పోనీ, నీ ఇష్టం. పెట్టె సర్దుకోడం నాకేం కొత్తా," అని అటు తిరిగి పడుకున్నాడు.

వంటింట్లోకి వెళ్ళాను. ఏ మాట అనాలో తెలియలేదు. ఉల్లిపాయల బేసినూ కత్తీ తీసుకెళ్ళి ఆమె ముందు పెట్టాను. పెద్ద మామా కత్తి తీసుకుని దాని పిడిని ముద్దుపెట్టుకుంది. మోకాళ్ళు పట్టేసి లేవలేకపోతే చంకల కింద చేతులేసి లేపాను. గడప తొక్కకుండా దాటి లోపలికి వచ్చి, పీట మీద కూర్చుని ఉల్లిపాయలు తరగడం మొదలుపెట్టింది. తొక్క తీయడంలో నేను ఎక్కడ తప్పు చేస్తానో చెప్పలేదు. నన్ను తలెత్తి చూడలేదు. అప్పటి నుంచి నేను వంటపెద్దను, ఆమె కొత్తగా చేరిన మనిషి.

చిన్న మామా తలుపు దగ్గర నిలబడి అంతా చూసింది. కోపగించుకుంటుందనుకున్నాను. "కూర్చోనీ," అంది. ఆ తర్వాత గిన్నెలు పెద్ద మామాకే పడ్డాయి, మరుగుదొడ్లు కూడా. ఆమె గది పిల్లలకి ఇచ్చారు. బియ్యం బస్తాలుండే స్టోరు గదిలో పరుపు వేశారు. ఇంట్లో పనికి మనిషి ఉండగా ఇంకొకరు ఎందుకన్నారు. మా వీసా గడువు అయ్యాక మళ్ళీ వెయ్యలేదు. మా ఆయన కల్బాలో చేపల శీతల గిడ్డంగిలో బండి పని వెతుక్కున్నాడు. వీసాకి పూచీ పడే కొత్త కఫీల్ దొరికాడు. ఆమెకి నేను చోటిచ్చానా, ఆ చోట కట్టేసి వచ్చానా అన్నది నాకిప్పటికీ తేలలేదు.

ఒకసారి చూడటానికి వెళ్ళాను. సబ్బునీళ్ళకి చేతులు పగిలి ఉన్నాయి. నన్ను చూసి లేచి నిలబడి చేతులు కట్టుకుంది. కూర్చోమంటే కూర్చుంది.

"ఎలా చూస్తున్నారు మామా?"

"మీ చిన్న మామా మంచి గురువు. మా నాన్నకన్నా కఠినం," అంది. అని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది. "పోయిన నెల గ్లాసు పగిలింది. అందుకని నాకు నేనే మళ్ళీ మొదటి రోజుకి వెళ్ళిపోయాను."

"వాళ్ళు రోజులు లెక్క పెడుతున్నారా?"

"వాళ్ళెందుకు పెడతారు? అది నాది." తర్వాత చాలా మెల్లగా, "పూర్తయితే గది ఇవ్వాలి. తలుపున్నది," అంది.

వెయ్యిన్నొక్క రోజులు పూర్తయ్యాయో లేదో నాకు తెలియదు. నేను లెక్కవేసి చూడలేదు. ఎటు తేలినా తట్టుకోలేను.

చేపలు కడిగిన మర్నాడు మా ఆయన గిడ్డంగి బండి అడిగి తెచ్చాడు. నేను అడగలేదు. "పద, ఓసారి కనపడొద్దాం," అన్నాడు. ఆ ఇంటి ముందు కార్లున్నాయి. మగవాళ్ళు బయట కుర్చీల్లో, ఆడవాళ్ళు హాల్లో కూర్చున్నారు. ముదీర్ భార్య కూడా వచ్చింది. చిన్న మామా నల్లబట్టల్లో మధ్యన కూర్చుని, "నిద్రలోనే పోయింది, ఏ బాధా లేదు. చివరిదాకా నా చేతుల మీదే ఉంది," అని చెబుతోంది. ఆమె పోయింది స్టోరు గదికీ సింకుకీ మధ్య నేల మీద, చేతిలో పీచుతో అని బయట తోటమాలి మా ఆయనతో చెప్పాడు.

చావింట్లో వాళ్ళు చక్కెర లేని కాఫీ ఇస్తారు. అందులో ఏలకులు పడాలి. కాఫీ ఇంకా రాలేదని ఎవరో అన్నారు. చిన్న మామా లేచి, నావైపు చూసి తల ఊపింది. ఆమె వెనకే వంటింట్లోకి వెళ్ళాను.

అరల్లో డబ్బాలన్నీ ఒకేలాంటివి. నా రోజుల్లో ఉన్న వరస కాదు. చిన్న మామా ఒక డబ్బా తీసి మూత విప్పి వాసన చూసింది. మిరియాలు. ఇంకొకటి తీసింది, జీలకర్ర. ఇంకొకటి. మూతలు గట్టుమీద పడి చప్పుడవుతున్నాయి. "ఏలకులెక్కడ?" అంది నాతో.

"తెలీదు మామా," అన్నాను. నిజంగానే తెలియదు.

పొయ్యి మీద కాఫీ పొంగి మంట మీద పడింది. ఆమె విసుగ్గా స్టోరు గదివైపు తిరిగి గొంతెత్తి, "యల్లా, ఏలకులు ఎక్కడ పెట్టి చచ్చావ్?" అని కేకేసింది.

హాల్లో మాటలు ఆగిపోయాయి. చిన్న మామా మూత తీసిన డబ్బా చేత్తో పట్టుకుని, జవాబు రావాలన్నట్టు ఆ తలుపు లేని గదివైపే చూస్తూ నిలబడింది.